నైజరా? నైజీరియానా?

మా చెల్లెలు పులివెందుల నుంచి తెల్లవారీ తెల్లవారకముందే ఫోను చేసిందంటే కారణాలు రెండే వుంటాయి. చక్కెర జబ్బును లక్ష్యపెట్టకుండా మా బావ మళ్ళీ ఎక్కడో జిలేబీ తినివచ్చాడన్నది ఒకటి. బంధువుల్లో ఎవరో పోయారన్నది రెండవది. 2025 జూలై మూడోవారంలో ఒకనాడు, ఆరింటికల్లా, ప్రొద్దుటూరులో నా మంచం పక్కనున్న ఫోను మోగింది. తీశాను. అవతలినుంచి మాట లేదు. ఏడుపొక్కటే వినవస్తోంది.

"ఏమయిందమ్మా? బావ బాగున్నాడా?"

"బావకేం, గుండ్రాయి మాదిరి వుండాడు. పిల్లోడన్నా... నైజీరియాలో మనోళ్ళను కాల్చి సంపినారంట. ఇంగొకర్ని ఎత్తకపోయినారంట. టీవీలో చెప్తాండారు. పిల్లోనికి ఫోన్ చేస్తాంటే ఎత్తడంల్యా..."

పిల్లోడంటే నా మేనల్లుడు. మూడేళ్ళుగా లాగోస్ నగరంలో ఒక ప్లాస్టిక్ సామాను ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తున్నాడు. నాకూ గుండె ఝల్లుమంది. లేచి టీవీ పెట్టాను. వార్త నిజమే. పడమటి ఆఫ్రికాలో, దోస్సో అనే ప్రాంతంలో, జూలై 15న సాయుధులు చేసిన దాడిలో ఇద్దరు భారతీయులు చనిపోయారు, మరొకరిని ఎత్తుకుపోయారు. అయితే తెరమీద పరుగెత్తుతున్న అక్షరాలను కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. అక్కడున్న పేరు నైజీరియా కాదు, నైజర్.

"అమ్మా, అది నైజర్. మనవాడున్నది నైజీరియా. వేరే దేశం" అన్నాను.

"రెండూ ఒకటే గదన్నా! మనం కడప అంటే తెల్లోళ్ళు కుడప్పా అనల్యా? అట్లాంటిదే అయింటాది."

ఈ మాటకు ఫోనులో జవాబు చెప్పి గెలవడం నావల్ల కాదనిపించింది. చొక్కా తగిలించుకుని బస్టాండుకు బయలుదేరాను.

*

పాఠకులకు నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. తపాలా ఉద్యోగంలో ముప్ఫై ఎనిమిదేళ్ళు గడిపి రిటైరైన మనిషిని. అందులో సగం కాలం ఉత్తరాలు వేరుచేసే బల్లముందే గడిచింది. ఒకే పేరున్న ఊళ్ళంటే నాకు మొదటినుంచీ పాముల్ని చూసినంత భయం. కారణం వుంది.

ఉద్యోగంలో చేరిన కొత్త. ఒక సాయంత్రం ఎవరికో ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. అడ్రసులో "మైలవరం" అని స్పష్టంగా వుంది. కింద జిల్లా పేరు వానకు తడిసి అలుక్కుపోయింది. పిన్‌కోడు రాయలేదు. మైలవరమంటే జమ్మలమడుగు పక్కన పెన్నకు కట్టిన రిజర్వాయరున్న మైలవరమే గదా అని, ఆలోచించకుండా జమ్మలమడుగు సంచిలో పడేశాను. తొమ్మిది రోజుల తరువాత ఆ కార్డు తిరిగి వచ్చింది. అది బెజవాడ దగ్గరి మైలవరానికి పోవలసినది. అప్పటికి ఇంటర్వ్యూ తేదీ దాటి నాలుగు రోజులు. ఆ మనిషి రాసిన అర్జీని పైఅధికారి నాచేత చదివించాడు. మూడే వాక్యాలు. తిట్టు ఒక్కటీ లేదు. తిట్టివుంటే బాగుండుననిపించింది.

అప్పటినుంచీ పేరు చూసి ఊరు గుర్తుపట్టడం మానేశాను. అంకె చూస్తాను. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చింది. ప్రొద్దుటూరు 516360, జమ్మలమడుగు 516434, పులివెందుల 516390. ముందు 516 వుంటే మా కడప వైపు. బెజవాడ పక్కనున్న మైలవరానిది 521తో మొదలవుతుంది. పేర్లు కవలపిల్లల్లా వుండవచ్చు, అంకెలు మాత్రం వేరు.

బస్సు ఎర్రగుంట్ల, ముద్దనూరు దాటి పులివెందుల చేరేసరికి పది దాటింది. చెల్లెలింట్లో వీధి వీధంతా వుంది. పక్కింటావిడ కాఫీలు కాస్తోంది. మా బావ ఫోను చేతిలో పట్టుకుని, దాన్ని మళ్ళీ మళ్ళీ నొక్కుతూ అరుగుమీద కూర్చున్నాడు.

"ఎన్నింటినుంచి చేస్తున్నావు బావా?"

"ఐదున్నర్నించి."

నాకప్పుడు తట్టింది. మన గడియారానికి లాగోస్ గడియారం నాలుగున్నర గంటలు వెనక. ఇక్కడ ఐదున్నర అంటే అక్కడ రాత్రి ఒంటిగంట! కుర్రవాడు నిద్రపోక ఏం చేస్తాడు? ఇప్పుడు పదిన్నర, అక్కడ తెల్లవారి ఆరు. "ఇప్పుడు చెయ్యి" అన్నాను. చేశాడు. మూడుసార్లు మోగింది.

"ఏంది నాయనా ఇంత పొద్దున్నే?" అన్నాడు మా మేనల్లుడు, ఆవులిస్తూ.

మా చెల్లెలు ఫోను లాక్కుని వాణ్ణి అయిదు నిమిషాలపాటు తిట్టింది. బతికివున్నందుకు తిట్లు తిన్నవాణ్ణి వాణ్ణొక్కణ్ణే చూశాను. దోస్సో సంగతి అడిగితే, అది తనున్న చోటికి కొన్ని వందల మైళ్ళ దూరమనీ, వేరే ప్రభుత్వమనీ, తానక్కడికి ఎన్నడూ పోలేదనీ చెప్పాడు.

*

కాఫీలు తాగిన తరువాత వీధిలోవాళ్ళెవరూ కదలలేదు. నైజరెక్కడ, నైజీరియా ఎక్కడ అన్నది తేలందే పోయేట్టు లేరు. గ్రూప్స్ పరీక్షకు చదువుతున్న పక్కింటి కుర్రవాడు అట్లాసు తెచ్చాడు. నేను అరుగుమీద పరిచి మొదలుపెట్టాను.

"మీ వేముల, వేంపల్లె వున్నాయి గదా. పక్కపక్క మండలాలు. బయటివాడికి రెండూ ఒకటిగానే వినపడతాయి. మీకెప్పుడైనా తికమకైందా?"

"ఎందుకైతాది? యురేనియం వేముల తట్టు, ట్రిపుల్ ఐటీ వేంపల్లె తట్టు" అన్నాడు మా బావ.

"ఇదీ అంతే. యురేనియం నైజర్‌ది, పెట్రోలు నైజీరియాది."

నేను పోలిక కోసం అన్నమాట కాదు, నిజంగానే అంత. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని వున్నట్టే, నైజర్‌కు ఉత్తరాన ఎడారిలో ఆర్లిట్ అనే చోట యురేనియం వుంది. 1971 నుంచీ తవ్వుతున్నారు. ఫ్రాన్సులో కరెంటు దీపాలు ఆ ఖనిజంతో చాలాకాలం వెలిగాయి. నైజీరియాకు సముద్రం వుంది, చమురు వుంది, లాగోస్ వంటి మహానగరం వుంది. నైజర్‌కు సముద్రమే లేదు; ఎటుచూసినా నేలే, అందులో ముప్పాతిక ఎడారి.

మరి పేర్లు ఎందుకు కలిశాయంటే, నది ఒకటే. నైజర్ నది గినీ కొండల్లో పుట్టి, మాలి మీదుగా, నైజర్ మీదుగా నడిచి, నైజీరియాలో ప్రవేశించి సముద్రంలో కలుస్తుంది. మొత్తం 4,180 కిలోమీటర్లు. పైభాగాన్ని ఫ్రెంచివాళ్ళు పాలించారు, కిందిభాగాన్ని ఇంగ్లీషువాళ్ళు. ఇద్దరూ నది పేరే పెట్టుకున్నారు. నైజీరియా అన్న పేరును 1897 జనవరిలో లండన్ టైమ్స్ పత్రికలో ఫ్లోరా షా అనే విలేఖరి సూచించింది. ఒక పత్రికా రచయిత్రి కలం కదిలితే పుట్టిన పేరు మా చెల్లెలిని పులివెందులలో ఏడిపించింది చూశారా! నది పేరు దేశానికి పెట్టడం మనకు మాత్రం కొత్తా? ఇండియా అన్నది సింధునది పేరే; ఆ నది ఎక్కువభాగం పాకిస్తానులో పారుతోంది.

రెండు దేశాలకూ స్వాతంత్ర్యం 1960లోనే వచ్చింది. నైజర్‌కు ఆగస్టు 3న, నైజీరియాకు అక్టోబరు 1న. రెండింటి మధ్యా సుమారు 1,600 కిలోమీటర్ల సరిహద్దు. ఆ సరిహద్దుకు ఇటూ అటూ హౌసా భాష మాట్లాడే జనమే. ఇంకో చిత్రం చూడండి. పేరు పొట్టిగా వుంది గదా అని నైజర్ చిన్న దేశమనుకోకూడదు. విస్తీర్ణంలో అదే పెద్దది. జనం మాత్రం నైజీరియాలో ఇరవైరెండు కోట్లు దాటారు, నైజర్‌లో మూడు కోట్లకు లోపే.

"అయితే కార్యాలయాల్లో భాష?" అన్నాడు గ్రూప్స్ కుర్రవాడు.

"నైజీరియాలో ఇంగ్లీషు. నైజర్‌లో ఫ్రెంచి. 2025లో అక్కడి సైనిక ప్రభుత్వం హౌసాను జాతీయభాష చేసి, ఫ్రెంచిని కార్యాలయాల భాషగా వుంచింది. ఆ ప్రభుత్వం 2023 జూలైలో తిరుగుబాటు చేసి గద్దె ఎక్కినప్పుడు నైజీరియా ఏం చేసిందో తెలుసా? పక్కదేశానికి తానిచ్చే కరెంటు ఆపేసింది."

"ఒకటే పేరు పెట్టుకోని కరెంటు ఆపినారా!" అంది పక్కింటావిడ.

"దాయాదులు గదమ్మా" అన్నాడు మా బావ. ఆయనకు దాయాదులతో భూమి తగాదా వుంది. ఆ విషయంలోకి నేను పోలేదు.

నైజీరియాలో భయమే లేదని చెప్పి మా చెల్లెలిని మోసపుచ్చలేదు సుమా. ఆ దేశపు ఉత్తరభాగంలోనూ దొంగల బెడద, తీవ్రవాదుల బెడద వున్నాయి. కాని ఎక్కడి భయం అక్కడిది. నైజర్‌లో అంతకు మూడు నెలల ముందు, ఏప్రిల్లో కూడా, అయిదుగురు భారతీయులను ఎత్తుకుపోయారు. అది తెలిసిన తల్లి లాగోస్‌లో వున్న కొడుకుకోసం ఏడవడం ఎంత అనవసరమో, నైజర్‌లో వున్న కొడుకు సంగతి తెలియక నిశ్చింతగా వుండడం అంత ప్రమాదం. ఈ రెండోమాట ఆ అరుగుమీద నేను ఊరికే అన్నాను. సాయంత్రానికి అది నాకే ఎదురవుతుందని అప్పుడు తెలియదు.

కుర్రవాడు నన్ను వదలలేదు. "కాంగో రెండుండాయి గదా పెదనాయనా, అవెట్లా?"

కాంగోల సంగతి మరీ విచిత్రం. రెండింటి పేరూ కాంగోయే. అందుచేత లోకం రాజధానిని తగిలించి పిలుస్తుంది. ఒకటి కిన్షాసా కాంగో, ఇంకొకటి బ్రజ్జావిల్ కాంగో. ఈ రెండు రాజధానులూ కాంగో నదికి ఇటొకటి, అటొకటి, ఎదురెదురుగా కూర్చున్నాయి. ఒక ఒడ్డున నిలబడితే అవతలి దేశపు రాజధాని మేడలు కనిపిస్తాయి. అంత దగ్గరున్నా మధ్యన వంతెన లేదు. పడవెక్కి, పాస్‌పోర్టు చూపించి దాటాలి. కిన్షాసా వైపుది బెల్జియంవాళ్ళు ఏలిన పెద్ద దేశం. 1971 నుంచి 1997 దాకా జైర్ అని పేరు మార్చుకుని మళ్ళీ కాంగో అయింది. అవతలిది ఫ్రెంచివాళ్ళు ఏలినది. దానికి స్వాతంత్ర్యం వచ్చింది 1960లో, సరిగా మన ఆగస్టు 15న. అక్కడికి పొయ్యేవాడు ఏ వీసా అడగాలో తెలియకపోతే నది ఒడ్డున నిలబడి తన ఉద్యోగాన్ని అవతలి గట్టుమీద చూసుకోవలసిందే.

సూడాన్ 2011 జూలై 9న రెండైంది. ఖార్టూమ్ అంటే సూడాన్, జుబా అంటే దక్షిణ సూడాన్. గినీకీ, గినీ-బిసావుకీ మధ్య సరిహద్దు వుంది. ఈక్వటోరియల్ గినీ ఎక్కడో దూరంగా వుంది. ఇరాన్, ఇరాక్ సంగతి మా జిల్లాకు చెప్పనక్కర్లేదు. ఇంటికొకరు కువైట్‌లో వుండే వీధులున్న జిల్లా మాది. ఇరాక్ వాళ్ళకు పొరుగూరు లాంటిది.

"ఇన్ని గుర్తుపెట్టుకునేది ఎట్లా?" అన్నాడు కుర్రవాడు.

నా పాత విద్య చెప్పాను. దేశానికీ పిన్‌కోడు వుంది. ఫోను నెంబరుకు ముందు వచ్చే అంకె. నైజీరియా 234, నైజర్ 227. కిన్షాసా కాంగో 243, బ్రజ్జావిల్ కాంగో 242. నైజీరియా 234నూ కాంగో 243నూ తారుమారు చెయ్యకుండా చూసుకోవాలి. నేనే ఒకసారి చేశాను. ఇరాన్ 98, ఇరాక్ 964. పేరు చెప్పేవాడి నాలుక తప్పవచ్చు, వినేవాడి చెవి తప్పవచ్చు. ఫోను మోగినప్పుడు తెరమీద పడే అంకె తప్పదు. దానితోపాటు ఊరి పేరు ఒకటి అడిగి తెలుసుకుంటే ఇక తిరుగులేదు.

మా చెల్లెలు లోపలికి వెళ్ళి గోడ క్యాలెండరు మీద 234 అని పెద్దగా రాసి, చుట్టూ గీత గీసింది.

*

తిరుగు ప్రయాణం ముద్దనూరులో దిగి జమ్మలమడుగు మీదుగా పెట్టుకున్నాను. అక్కడ నాతో పనిచేసిన పోస్టుమేన్ ఒకాయన వున్నాడు. ఏడాదైంది చూసి. సాయంత్రం ఆయన వాకిట్లో మంచమేసుకుని పొద్దుటి వైనమంతా చెప్పి ఇద్దరం నవ్వుకుంటున్నాం. పక్కింటి పెద్దమనిషి గోడమీదనుంచి విని, తానూ వచ్చి కూర్చున్నాడు.

"మావాడూ నైజీరియానే సామీ. బోరు బండిమీద పని. టీవీ చూసి మా ఆడోళ్ళు అల్లాడిపోయినారు. నేనే చెప్పినా, అది నైజర్, మనోడుండేది నైజీరియా, వేరే దేశం, మీరు కంగారు పడాకండి అని."

మనిషి వివరం తెలిసినవాడేనని సంతోషించాను. మాటవరసకు, "ఏ ఊళ్ళో వుంటాడు?" అన్నాను.

"ఏదో నియామే అంటాడు."

నేను పోస్టుమేన్ మొహం చూశాను. ఆయనకు ఆ పేరు తెలియదు. నాకు తెలుసు. పొద్దున అట్లాసులో వేలుపెట్టి చూపించిన పేరే. నియామే నైజర్ దేశపు రాజధాని. దోస్సో దానికి నూరు మైళ్ళలోపు.

"వాడి నెంబరు ఒకసారి చూపిస్తారా?"

ఫోను ఇచ్చాడు. కొడుకు పేరు కింద నెంబరు. మొదటి మూడంకెలు 227.

అబద్ధం ఎందుకు చెప్పాలి, నేను వెంటనే నోరు విప్పలేదు. ఆ మనిషి రాత్రి నిద్రపోయాడు. ఇంట్లోవాళ్ళను నిద్రపుచ్చాడు. కొడుకు క్షేమంగా వున్నాడనే అనుకోవాలి. ఏదన్నా జరిగివుంటే ఈపాటికి కబురు వచ్చేది. నేను లేచి నా బస్సు నేను పట్టుకుంటే ఎవరికీ నష్టం లేదనిపించింది. కాని రేపు నిజంగా అవసరం పడితే ఈయన ఎవరికి ఫోను చేస్తాడు? నైజీరియాలో మన హైకమిషన్ అబూజాలో వుంది. నైజర్‌లో మన రాయబార కార్యాలయం నియామేలో వుంది. కొడుకు పేరు పట్టుకుని అబూజావాళ్ళను అడిగితే, అలాంటివాడు మా దేశంలో లేడంటారు. ఆ మాట విన్న తండ్రి గతేమిటి? తొమ్మిది రోజులు తప్పు సంచిలో తిరిగిన ఆ కార్డు నా కళ్ళముందు మెదిలింది.

చెప్పాను. మెల్లగా, అంకె చూపించి చెప్పాను.

ఆయన చాలాసేపు ఫోనువైపే చూస్తూ కూర్చున్నాడు. తరువాత కొడుకుకు చేశాడు. ఆ పిల్లవాడు వెంటనే ఎత్తాడు. క్షేమమే. దాడి జరిగిన తరువాత అక్కడి భారతీయులు జాగ్రత్తగా వుండాలని రాయబార కార్యాలయం చెప్పిందట. కంపెనీవాళ్ళు బండ్లను ఊరు దాటనివ్వడం లేదట. "నైజర్ అనే చెప్పినా నాయనా మొదట్లో. నువ్వే అందరికీ నైజీరియా అని చెప్పుకుంటివి. పోనీలే, తెలిస్తే బెంగపడతావని నేనూ దిద్దల్యా" అన్నాడు. ఫోను బయటికి వినిపించేట్టు పెట్టడంచేత మేమందరం విన్నాం.

"రేపు ఆ ఆఫీసు నెంబరు పంపించు. కాగితం మీద రాయించుకుంటా" అన్నాడు తండ్రి. అంతకుమించి కోప్పడలేదు. ఫోను పెట్టేసి నావైపు తిరిగి, "ఇంట్లో ఆడోళ్ళకు నేను నిదానంగా చెప్తా సామీ, మీరేం అనాకండి" అన్నాడు.

నేను లేవబోతుంటే మళ్ళీ కూర్చోబెట్టాడు.

"ఆ దేశానికి పేరు నది వల్ల వచ్చిందంటిరే. మన పెన్న మాదిరేనా? నీళ్ళు పారుతాయా దాంట్లో?"

"పారుతాయి. పెద్ద నది."

"మరి అంత నది పెట్టుకోని మావాణ్ణి బోర్లెయ్యను ఎందుకు పిలిపించినారు?"

నది ఆ దేశపు నైరుతి మూలను మాత్రమే తాకిపోతుందనీ, నియామే ఆ మూలనే వుందనీ, తక్కినదంతా ఇసుకేననీ చెప్పాను.

"అట్లయితే మన సీమే" అన్నాడాయన, మంచం దిగుతూ.